మామ స్టీలుకు ఒక వయిరు, నా గిటారుకు ఒక వయిరు

"రేయ్ అబ్బయా, నా స్టీలుకు జలుబు చేసిందిరా" అని మా మేనమామ నెల్లూరు నుంచి ఫోన్ చేశాడు. ఆయనకు డెబ్బై ఒకటి, మూలాపేటలో ఉంటాడు. హవాయి గిటార్ ఒళ్లో పడుకోబెట్టుకుని, తీగల మీద స్టీలు కడ్డీ జారుస్తూ పాత పాటలు వాయిస్తాడు. మా ఇంట్లో ఆ వాద్యం పేరే స్టీలు. వాన్ షిప్లీ, సునీల్ గంగూలీ రికార్డులు అరిగేదాకా విని నేర్చుకున్న మనిషి. జలుబు అంటే ఏంది మామా అంటే, పై స్వరాలు ముక్కు మూసుకుని పాడినట్టు వస్తున్నాయన్నాడు. తీగలు మార్చాడట. తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే పికప్ తుడిచాడట. యాంప్ (సౌండ్ పెంచే పెట్టె) మీద ట్రెబుల్ చివరిదాకా తిప్పాడట. వయిరు మాత్రం ఆయన లెక్కలోకే రాలేదు.

నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను. కావలిలో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో అసిస్టెంటును. సాయంత్రాలూ సెలవులూ ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటార్. అటు ఒంగోలు, ఇటు నెల్లూరు, మధ్యలో సింగరాయకొండ, కందుకూరు, ఎక్కడ పిలిస్తే అక్కడికి. పిల్లలకు కెపాసిటర్ ప్రయోగం చేయిస్తూ పదేళ్లు గడిపినవాణ్ణి, నా చేతిలో ఉన్న కెపాసిటర్‌ను, అంటే గిటార్ నుంచి యాంప్‌కు వెళ్లే వయిరును మాత్రం చూడలేదు. దాని గురించే ఈ రివ్యూ.

ముందు నా కళ్లు తెరిపించిన సంగతి. పోయిన సీజన్లో కందుకూరు దగ్గర ఒక రిసెప్షన్. పాట మధ్యలో గిటార్ బిట్ నాది, ఎనిమిది బార్లు, అంటే ఎనిమిది తాళపు చుట్లు. రెండో బారులో టప్ మని ఒక చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. గిటార్ దగ్గర వయిరును వేలితో నొక్కి పట్టుకుంటే మోగుతుంది, వదిలితే పోతుంది. నొక్కి పట్టుకుని వాయించడానికి నాకు మూడో చెయ్యి లేదు. కీబోర్డు అబ్బాయి నా బిట్ అందుకున్నాడు, పాట గట్టెక్కింది. పెళ్లికొడుకు వాళ్ల బాబాయి మాత్రం స్టేజి ఎక్కి "గిటార్ ఆయన ఊరికే నిలబడ్డాడేంది" అని అడిగి మరీ దిగాడు.

ఆ వయిరు కొని నాలుగు నెలలే. ఒక కొట్లో 350 రూపాయలు, 10 మీటర్లు, రెండు వైపులా రబ్బరు పోతపోసిన జాక్‌లు. "స్టూడియో క్వాలిటీ సార్" అన్నాడు. మరుసటి రోజు ల్యాబ్‌లో బ్లేడుతో కోసి చూశాను. పోత లోపల షీల్డు వెంట్రుకలు, అంటే మధ్య తీగ చుట్టూ ఉండే సన్న తీగలు, ఏడెనిమిది. వాటిలో జాక్‌కు అతుక్కుని ఉన్నవి రెండు. వయిరును గట్టిగా పట్టుకునే బిగింపు అంటూ లేదు, లాగుడంతా ఆ రెండు వెంట్రుకల మీదే. మధ్య తీగ రాగి రంగులో తళతళలాడుతోంది. అనుమానమొచ్చి అయస్కాంతం పెట్టాను. వచ్చి అతుక్కుంది. ఇనుముకు రాగి పూత పూశారన్నమాట.

అది తెగిపోయే ముందు రోజుల్లో ఎలా మోగిందో కూడా చూద్దామని, తెగని ముక్క నుంచి ఒక మీటరు కొలిచి కోసి ల్యాబ్‌లోని కెపాసిటెన్స్ మీటరుకు పెట్టాను. 210 పీకోఫారడ్లు. పది మీటర్లకు 2,100. ఆ అంకె చూసి మామ జలుబు గుర్తొచ్చింది. ఆయన వాడేదీ నేను కొనిచ్చిన అదే రకం మరి.

ఇది అందరికీ తెలిస్తే బాగుండు. వయిరు లోపలి తీగ ఒక పలక, చుట్టూ ఉన్న షీల్డు ఇంకో పలక, నడుమ ప్లాస్టిక్. ఇంటర్ పుస్తకంలోని కెపాసిటరే, పొడుగ్గా సాగదీశారంతే. మైకు వయిరుకో స్పీకర్ వయిరుకో ఈ గొడవ పెద్దగా పట్టదు. గిటార్ పికప్ మాత్రం వేల చుట్లు చుట్టిన సన్న తీగ కాయిల్. దాని ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు అడ్డు) ఎక్కువ, అది ఇచ్చే సిగ్నల్ బలహీనం. ఆ కాయిలూ, వయిరు కెపాసిటెన్సూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర సౌండ్‌కు శిఖరం కడతాయి. మామూలుగా అది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్యలో ఉంటుంది. గిటార్‌కు "మెరుపు" అని మనం అనేది దాన్నే. వయిరు పొడుగయ్యే కొద్దీ ఆ శిఖరం కిందికి జారుతుంది, దాని పైనున్న మెరుపంతా పోతుంది. అందుకే స్టేజి నాలుగడుగులు ఉన్నప్పుడు పది మీటర్ల వయిరు వాడటం, ముక్కుకు గుడ్డ కట్టుకుని పాడటం లాంటిది. అలాగని పొడుగు వయిరు అందరికీ శత్రువని కాదు. అమెరికా గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ స్ప్రింగులా చుట్టుకున్న పొడవాటి వయిరు వాడేవాడు. దాని కెపాసిటెన్స్ ఎక్కువ కాబట్టి గిటార్ పదును కాస్త తగ్గి గుండ్రంగా వినిపించేది. ఆయన తెలిసి వాడాడో లేదో గానీ ఆయనకు అది నప్పింది.

ఇంకొక మాట. గిటార్ తర్వాత మొట్టమొదటి పెడల్‌లోనే (కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టె) బఫర్, అంటే సిగ్నల్‌కు బలమిచ్చే సర్క్యూట్, ఉంటే, అక్కడి నుంచి యాంప్ దాకా వెళ్లే వయిరు ఎంత పొడుగున్నా పెద్ద తేడా ఉండదు. గిటార్ నుంచి ఆ పెడల్ దాకా ఉన్న ముక్కే లెక్క. బ్యాటరీ వేసే యాక్టివ్ గిటార్లకూ అంతే. వాళ్లు ఈ కెపాసిటెన్స్ గొడవ వదిలేసి జాక్‌ల సంగతి చూసుకోవచ్చు.

ఇక నేను కొన్నవి. నా కోసం కెనారే జీఎస్-6, మీటర్ల లెక్కన. జపాన్ కంపెనీ. మామ కోసం మొగామి 2524, అదీ జపాన్‌దే. రెండూ ఆన్‌లైన్‌లో తెప్పించాను. జీఎస్-6 మీటరుకు 160 పీకోఫారడ్లని కంపెనీ లెక్క, 2524కు 130. అన్నిటికంటే తక్కువ ఉన్న వయిరు ఇవేమీ కాదు. అయినా నాకు 160 ఎందుకంటే, నాది స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహా గిటార్, సింగిల్ కాయిల్ పికప్‌లు, అసలే పదునెక్కువ. ఫంక్షన్ హాలు బాక్సుల్లో ఆ పదును చెవిలో సూదిలా గుచ్చుతుంది. 5 మీటర్లు కోసుకుంటే మొత్తం 800 పీకోఫారడ్లు. పాత పది మీటర్ల దాని కంటే సగం కూడా లేదు, కానీ కొంత గుండ్రదనం మిగిలింది. నాకు కావలసింది అదే.

జీఎస్-6 చేతిలో పట్టుకుంటే మనకు తెలిసిపోతుంది. లోపల మధ్య తీగ లావు, చుట్టూ అల్లిన జాలీ షీల్డు. జాలీ అల్లికను విప్పి పురి తిప్పేసరికి నాకు పావుగంట పట్టింది, చేతివేళ్లు మండాయి. 2524లో షీల్డు అల్లిక కాదు, ఒకే దిక్కుకు చుట్టిన తీగలు, వేలితో తోస్తే విడిపోతాయి. దాని కింద నల్లటి పలుచని పొర ఒకటుంది, ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది గానీ కరెంటు పారుతుంది. వయిరును తొక్కినప్పుడూ ఊపినప్పుడూ వచ్చే టపటప చప్పుడును మింగేది ఆ పొరే. సోల్డర్ చేసేటప్పుడు ఆ నల్ల పొరను వెనక్కి ఒలిచెయ్యాలి. లేదంటే అది మధ్య తీగకు తగిలి సగం షార్టు. సౌండ్ పోదు, సన్నబడుతుంది. నేను మొదటిసారి ఒలవలేదు. మల్టీమీటర్ పెట్టి జాక్ టిప్పుకూ (మొనకూ) స్లీవుకూ (ఒంటికీ) మధ్య రెసిస్టెన్స్ చూసేదాకా అర్థం కాలేదు.

తొక్కుళ్లు ఎక్కువుండే మా ఆర్కెస్ట్రా స్టేజికి జాలీ షీల్డు. కుర్చీలో కదలకుండా కూర్చునే మామకు మెత్తగా వంగే చుట్టు షీల్డు. ఈ ఒక్క ఆలోచనతోనే రెండు రకాలు తెచ్చాను.

జాక్‌ల దగ్గర ఒక దెబ్బ తిన్నాను. పినాకిని రైల్లో చెన్నై వెళ్లినప్పుడు రిచీ స్ట్రీట్‌లో ఒక చిన్న కొట్లో పేరున్న కంపెనీ ముద్ర ఉన్న జాక్‌లు నాలుగు కొన్నాను. ఒక్కోటి 120. ఇంటికొచ్చి తూచి చూస్తే అసలుదాని బరువులో సగం. ఐరన్ పెట్టగానే లోపలి ప్లాస్టిక్ మెత్తబడి టిప్పు పక్కకు వాలింది. నకిలీ. ఆ తర్వాత అసలైన న్యూట్రిక్ కంపెనీ జాక్‌లు తెప్పించాను, ఒక్కోటి దాదాపు మూడింతల ధర. డబ్బు ఎక్కడికి పోయిందో విప్పితే కనిపిస్తుంది. వెనక మూత బిగించే కొద్దీ లోపల పళ్లున్న గొట్టం వయిరును నాలుగు వైపుల నుంచీ పట్టుకుంటుంది. లాగుడు సోల్డర్ దాకా వెళ్లదు. కందుకూరులో నా పరువు పోయింది సరిగ్గా ఆ గొట్టం లేకనే.

మన కొట్లలో ఈ జాక్‌ను పి-38 అంటారు. కావలిసింది మోనో. స్టీరియో జాక్ చేతిలో పెడితే వద్దనండి. టిప్పుకు ఒక నల్ల గీత ఉంటే మోనో, రెండుంటే స్టీరియో. స్ట్రాట్ తరహా గిటార్‌కు జాక్ దిగే చోటు పడవలా లోపలికి ఉంటుంది కదా, దానికి వంపు జాక్ పట్టదు, నిటారుదే కావాలి. పక్కన రంధ్రం ఉన్న గిటార్లకు వంపుది మేలు, నడుము తగిలి విరగదు. వాయిస్తూ వాయిస్తూ వయిరు పీకే అలవాటున్న వాళ్లకు న్యూట్రిక్‌లోనే సైలెంట్ జాక్ దొరుకుతుంది, పీకినా డామ్మనదు. దాని ధర చూసి నేను అలవాటు మార్చుకున్నాను.

సోల్డరింగ్ గురించి ఎక్కువ చెప్పను. 25 వాట్ల ఐరన్, 60/40 లెడ్, కొంచెం పేస్టు. షీల్డుకు 25 వాట్లు కొద్దిగా చాలదు, ఓపిక పట్టాలి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మూత ముందు వయిరులోకి ఎక్కించాకే సోల్డర్ చేయండి. అన్నీ చక్కగా అతికించి, మెరిసే ఆ అతుకును చూసి మురిసిపోయి, తల తిప్పితే బల్ల మీద మూత నన్ను చూసి నవ్వుతోంది. రెండుసార్లు.

నాకు పడిన ఖర్చు: 5 మీటర్ల వయిరు, రెండు అసలు జాక్‌లు కలిపి 1,600 చిల్లర. "350కి వచ్చేదానికి 1,600 పెట్టావా" అని ఇంట్లో అడిగారు. 350వి ఏడాదికి మూడు కొంటున్నానని చెప్పలేదు. చెబితే ఆ లెక్క ఇంకో దారి పడుతుంది. ఈ జాక్ పోయినా విప్పుకుని, అంగుళం కోసేసి, మళ్లీ అతికించుకోవచ్చు. సోల్డరింగ్ రాని వాళ్లు కూడా వయిరూ జాక్‌లూ తెప్పించుకుని దగ్గర్లోని సౌండ్ సిస్టం రిపేరు ఆయన చేత చేయించుకోవచ్చు. మా కావలిలో ఒకాయన జాక్‌కు 50 తీసుకుంటాడు. రెడీమేడ్ కొనాలన్నా నాది ఒకటే షరతు. మూత తిప్పితే విప్పుకోవాలి. పోతపోసిన జాక్ ఉంటే, పెట్టె మీద ఏమి రాసినా తీసుకోను.

మామ విషయానికొస్తాను. వయిరు తీసుకుని ఆదివారం నెల్లూరు వెళ్లాను. ఆయన సరంజామా చూస్తే జలుబు ఎక్కడుందో తెలిసింది. గిటార్ నుంచి వాల్యూం పెడల్‌కు 3 మీటర్లు, పెడల్ నుంచి గది అవతలి మూలనున్న యాంప్‌కు 6 మీటర్లు. స్టీలు వాయించేవాళ్లు కాలితో పెడల్ నొక్కుతూ స్వరాన్ని మెల్లగా ఉబ్బిస్తారు కదా, పెడల్ ఎప్పుడూ సగంలోనే ఆడుతుంటుంది. ఆయనది బ్యాటరీ లేని పాసివ్ పెడల్, లోపల 500 కిలో ఓమ్స్ పాట్ (మార్చుకునే రెసిస్టర్). అది సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు యాంప్ వైపు వయిరుకు 125 కిలో ఓమ్స్ దాకా అడ్డు కనిపిస్తుంది. దానికి ఆ 6 మీటర్ల చవక వయిరు 1,260 పీకోఫారడ్లు కలపండి. లెక్క కడితే సుమారు 1,000 హెర్ట్జ్ నుంచే పై స్వరాలకు కోత మొదలు. స్టీలు ఏడ్చేదీ పాడేదీ అంతా దాని పైనే. పెడల్ పూర్తిగా నొక్కితే గొంతు తెరుచుకుంటుంది, సగానికి తెస్తే మూసుకుంటుంది. మామ చెప్పింది కూడా సరిగ్గా ఇదే, "గట్టిగా వాయిస్తే బానే ఉందిరా, మెల్లగా వాయిస్తేనే జలుబు". నేనే సరిగా వినలేదు.

యాంప్‌ను కుర్చీ పక్కకు జరిపాం. జరపడానికి అత్తయ్య అనుమతి కావాల్సొచ్చింది, దాని మీద పూలకుండీ ఉంది. పెడల్ నుంచి యాంప్‌కు 2 మీటర్ల 2524 పెట్టాను. అంటే 260 పీకోఫారడ్లు. ఇప్పుడు ఆ కోత 4,900 హెర్ట్జ్ దగ్గరికి పోయింది. గిటార్ వైపు 3 మీటర్లు కూడా అదే వయిరు. ఎలక్ట్రిక్ గిటార్ వాళ్లు వాల్యూం నాబ్ ఏడుకు తగ్గించగానే సౌండ్ మూగబోయిందని అంటారే, అక్కడ జరిగేదీ ఇదే తంతు. కాకపోతే స్టీలు వాళ్లకు పాట పొడుగునా జరుగుతుంది. అమెరికాలో పెడల్ స్టీలు వాళ్లు చాలామంది జార్జ్ ఎల్స్ అనే సన్నటి, తక్కువ కెపాసిటెన్స్ వయిరు వాడటం ఇందుకే. దానికి సోల్డర్ కూడా అక్కర్లేదు, కోసి జాక్‌లోకి గుచ్చి మూత బిగించడమే.

వయిరు మీద మోపకూడని నేరాలు కూడా ఉన్నాయి. పందిట్లో జనరేటర్ మీద వచ్చే గర్ర్ చప్పుడు ఎంత ఖరీదైన వయిరు తెచ్చినా తగ్గదు. తీగలు ముట్టుకుంటే తగ్గి, వదిలితే పెరుగుతుంటే సీరియల్ లైట్లవీ డిమ్మర్లవీ పికప్‌లోకి వస్తున్నాయని అర్థం. ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటే మాత్రం వాయించడం ఆపి, ప్లగ్ పీకించి, ఎర్తింగ్ చూపించుకోండి. గిటార్ తీగలు షీల్డుకే కలిసి ఉంటాయి. హమ్ (ఆ గర్ర్ చప్పుడు) తగ్గుతుందని ప్లగ్ మూడో పిన్ను (ఎర్తుది) విరగ్గొట్టే లైటింగ్ కుర్రాళ్లను నేను స్టేజి దించేదాకా వదలను. అలాగే గిటార్ వయిరును యాంప్ హెడ్ నుంచి స్పీకర్ బాక్సుకు పెట్టొద్దు. జాక్ ఒకటే కాబట్టి దిగుతుంది, కానీ ఆ కరెంటుకు సన్న తీగ వేడెక్కుతుంది, యాంప్ పోవచ్చు.

మాది సముద్రపు గాలి. తుమ్మలపెంట వైపు నుంచి వచ్చే ఆ ఉప్పు తేమకు నికెల్ జాక్‌లు నెలకోసారి మసకబారతాయి. గుడ్డతో తుడిస్తే చాలు. బంగారు పూత వాటికి ఆ బెడద తక్కువ, పైన ఖర్చు పెట్టగలిగితే మంచిదే. వయిరు చుట్టడం మాత్రం మా పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా మోచేతికీ అరచేతికీ మధ్య చాంతాడులా చుట్టేస్తారు. అలా చుడితే లోపల పురి పడి షీల్డు విడిపోతుంది. ఒక చుట్టు మామూలుగా, మరో చుట్టు తిరగేసి వెయ్యాలి. గిటార్ దగ్గర వయిరును బెల్టులోంచి ఒకసారి దూర్చి జాక్ పెట్టుకుంటే, ఎవరైనా తొక్కినా జాక్ ఊడదు.

వైర్‌లెస్ ఎందుకు కొనవని ఒకరడిగారు. చార్జింగ్ మర్చిపోయేవాణ్ణి నేను.

అన్నీ బిగించాక మామ వాయించాడు. కాలు సగంలో పెట్టి, స్వరాన్ని కింది నుంచి పైకి లాగాడు. జలుబు లేదు. పై స్వరం వణుకుతూ సన్నగా, తెల్లగా నిలబడింది. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది, పూలకుండీ చేతిలోనే ఉంది. పాట అయ్యాక ఆయన సంతోషిస్తాడనుకున్నాను. కడ్డీని తీగ మీద మెల్లగా జరిపి చూస్తున్నాడు, మళ్లీ మళ్లీ.

"ఏంది మామా?"

"ఈ బరబర యాడిదిరా? ఇంతకు ముందు వినపళ్ళా."

కడ్డీ తీగ మీద రాసుకునే చప్పుడు. వేలికి తొడిగిన పిక్ తగిలే టిక్కు కూడా. ఇన్నాళ్లూ పాత వయిరు మింగేసినవన్నీ బయటికొచ్చాయి.

"ఆ పాత వయిరు యాడ పెట్టావు?"

అది అప్పటికే నా బ్లేడు కింద నాలుగు ముక్కలై ఉంది. "టోన్ నాబ్ కొంచెం తగ్గించుకో మామా, పోద్ది" అన్నాను.

"అది ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే చెడిపోయింది గదరా."

వచ్చే ఆదివారం ఐరన్ పట్టుకుని మళ్లీ నెల్లూరు వెళ్తున్నాను.